ఇంట గెలిచిన పని

ఇంట గెలిచి రచ్చ గెలువుమన్నారు పెద్దలు. తనవారిని మెప్పించిన పిమ్మటనే పైవారిని మెప్పించబూనుమనే అర్థంలో ఈ సామెతను మనం తరచుగా వాడుతున్నాము. కాని దానిలో మరొక హెచ్చరిక కూడ దాగి ఉన్నది. రచ్చలో పని చేయడంకంటె ఇంట కూర్చుండి పని చేయడమే కష్టం. రచ్చలో గంట కొడుతుంది. పై అధికారి కన్ను ఉంటుంది. పక్కబల్ల దగ్గర తలవంచుకొని పని చేసే తోటివాడు నోరు మెదపకుండానే మనలను కూడ పనికి పురికొల్పుతాడు. ఇంట ఇవేవీ లేవు. ఇంట ఉన్నది మంచం. పొయ్యిమీద పొంగబోతున్న పాలు. పలకరించి పోదామని వచ్చిన పొరుగువారు. ఒడిలోకి ఎక్కే బిడ్డ. ఈ కాలంలోనైతే వీటన్నిటికి తోడు అరచేతిలో ఒదిగిన ఫోను.

2020 మార్చి 25వ తేదీన దేశమంతట లాక్‌డౌన్ విధించినప్పుడు ఈ కష్టం లక్షలాది ఇండ్లలోకి ఒక్కసారిగా ప్రవేశించినది. బడులు మూతపడినవి. తెలంగాణలో ఆ ఏడు సెప్టెంబరు 1వ తేదీనుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్ల ద్వారా పాఠాలు ప్రసారమైనవి. ఉపాధ్యాయుడు తన ఇంటి మూల కుర్చీ వేసికొని ఫోనులో పాఠం చెప్పినాడు. విద్యార్థి మరొక ఇంటి మూల చాపమీద కూర్చుండి విన్నాడు. మహమ్మారి వెనుకపట్టు పట్టిన తరువాత బడులు తెరిచినారు. కాని కంప్యూటరు కొలువులు చేసేవారిలో చాలమందికి ఇల్లే కార్యాలయంగా మిగిలిపోయినది.

అయితే ఉపాధ్యాయునికి, విద్యార్థికి ఈ సమస్య మహమ్మారితో వచ్చినది కాదు. దిద్దవలసిన జవాబుపత్రాల కట్టను సంచిలో పెట్టుకొని ఇంటికి పోని ఉపాధ్యాయుడు ఎన్నడున్నాడు? ఇంటిపని అంటగట్టబడని విద్యార్థి ఎక్కడున్నాడు? బడి విడిచిన తరువాత మిగిలిన పని అంతా ఇంటిమీదనే పడుతున్నది. ఆ ఇంట కూర్చుండి మనస్సును ఒక పనిమీద నిలపడం ఎట్లు?

నిజానికి పనికి ఇల్లే పాతచోటు, కార్యాలయమే కొత్తది. నేతగాని మగ్గం ఇంటిలోనే ఆడినది. కుమ్మరి సారె ఇంటి ముంగిటనే తిరిగినది. పంతులుగారి వీధి అరుగే ఊరికి బడి అయినది. ఆవిరియంత్రాలు వచ్చి, కర్మాగారాలు, కచేరీలు పెరిగిన తరువాతనే చాలమందికి పనిచోటు వేరు, నివాసం వేరు అయినవి. ఆ మార్పు జరుగుతున్న కాలంలోనే, కర్మాగారాలకు పుట్టినిల్లయిన ఇంగ్లండులోనే, ఒక మనిషి నలువది సంవత్సరాలు ఇంట కూర్చుండి పని చేసి ప్రపంచపు ఆలోచనను మార్చివేసినాడు. అతని దినచర్య గడియారపు ముల్లుతో సహా మనకు తెలుసు. అతడే చార్లెస్ డార్విన్.

డౌన్ గ్రామంలోని ఇల్లు

డార్విన్ 1809లో జన్మించినాడు. 1831 చివరినుంచి 1836 వరకు బీగిల్ అనే ఓడమీద లోకం చుట్టి వచ్చినాడు. 1839లో ఎమ్మాను వివాహమాడినాడు. 1842 సెప్టెంబరులో ఆ దంపతులు లండన్ రొదను విడిచి, ఆ నగరానికి సుమారు 16 మైళ్ల దూరాన కెంట్ ప్రాంతంలోని డౌన్ అనే పల్లెలో కాపురం పెట్టినారు. 1882 ఏప్రిల్ 19న కన్ను మూసేవరకు డార్విన్‌కు అదే నివాసం, అదే పరిశోధనాలయం, అదే కచేరీ. అతడు ఏ విశ్వవిద్యాలయంలోను ఆచార్యపదవి చేసినవాడు కాడు. అతనికి హాజరుపట్టీ లేదు, గంట లేదు, సంజాయిషీ అడిగేవాడు లేడు. పైగా ఒంట్లో ఆరోగ్యం లేదు. వాంతులు, తలతిప్పు, నిస్సత్తువ అతనిని ఏండ్ల తరబడి పీడించినవి. ఇంట పదిమంది బిడ్డలు పుట్టినారు. వారిలో ముగ్గురు చిన్నతనంలోనే చనిపోయినారు. పని చేయకపోవడానికి ఇన్ని కారణాలు గల మనిషి అరుదు.

అట్టివాడు పని ఎట్లు చేసినాడో అతని కుమారుడు ఫ్రాన్సిస్ వివరంగా వ్రాసిపెట్టినాడు. డార్విన్ తెల్లవారుతూనే లేచి కొంతదూరం నడిచి వచ్చేవాడు. 7 గంటల 45 నిమిషాల వేళ ఒంటరిగా ఉదయపు ఫలహారం ముగించి 8 గంటలకు పనిగదిలోకి పోయేవాడు. 8 మొదలు 9.30 వరకు గల గంటన్నరను తన దినంలో మేలైన పనివేళగా అతడు ఎంచుకొన్నాడు. 9.30కి బయటికి వచ్చి ఆనాటి ఉత్తరాలు చూచుకొనేవాడు. ఇంటివారు ఉత్తరాలో నవలో చదువుతూ ఉంటే పడుకొని వినేవాడు. 10.30కి మరల పనిగది. 12 గంటలు దాటుతూనే బయటికి వచ్చి, ఈ దినం పని చక్కగా సాగినదని తృప్తితో చెప్పుకొనేవాడు. ఆ తరువాత ఎండ అయినా వాన అయినా తోటలోకి నడక. మధ్యాహ్న భోజనం, వార్తాపత్రిక, జాబులు వ్రాయడం, 3 గంటల వేళ విశ్రాంతి, 4కు మరల నడక, 4.30నుంచి 5.30 వరకు మూడవ విడత పని. రాత్రి ఎమ్మాతో బ్యాక్‌గామన్ అనే పాచికల ఆట రెండు ఆటలు. 10.30కి పడక.

మూడు విడతలు కలిపి లెక్కవేయగా పనికాలం నాలుగు గంటలే. రోజుకు పది గంటలు చదువుమని పిల్లలను వేధించే తలిదండ్రులు ఈ లెక్కను ఒకసారి చూడవలెను. ఆ నాలుగు గంటలనుంచే 1859 నవంబరు 24న వెలువడిన ‘జాతుల ఉత్పత్తి’ అనే మహాగ్రంథం వచ్చినది. దానికి ముందు వెనుకల అనేక సంపుటాలు వచ్చినవి. జాబుల వ్రాతను పనిగా అతడు లెక్కించలేదు గాని, అతడు వ్రాసినవి, అతనికి వచ్చినవి కలిపి 15,000 పైచిలుకు ఉత్తరాలు నేటికి లభించినవి.

కాబట్టి రహస్యం గంటల సంఖ్యలో లేదు. ఆ గంటలకు మొదలు ఉన్నది, తుది ఉన్నది. మొదలు ఉన్నందువలన పని ఎప్పుడు ఆరంభించవలెనా అనే తర్జనభర్జన లేదు. తుది ఉన్నందువలన పని చేయని వేళ మనస్సును తినివేసే అపరాధభావం లేదు. ఇంట పని చేసేవాని నిజమైన శత్రువు సోమరితనం కాదు. పనికి, విరామానికి నడుమ గట్టు తెగిపోవడం. గట్టు తెగిన మడిలో నీరు నిలువదు. పుస్తకం ముందు పెట్టుకొని ఉదయంనుంచి రాత్రివరకు అటు చదవక, ఇటు ఆడక, రెంటికి చెడిన విద్యార్థి అలసట అట్టి మడివంటిదే.

చిన్న చిన్న కంచెలు

డార్విన్ మనోనిగ్రహం గల మహర్షి అని భావించడం పొరపాటు. తన మనస్సును తాను నమ్మలేదు గనుకనే దానికి కంచెలు వేసినాడు. ఇంటి పక్కనుంచి పోయే బాటను లోతు చేయించి, దారిన పోయేవారి చూపు లోపలికి పడకుండ గోడ కట్టించినాడు. వస్తున్న అతిథులను ముందుగానే కనిపెట్టడానికి పనిగది కిటికీ దగ్గర అద్దం అమర్చుకొన్నాడు.

అతనికి పొడుం అలవాటు ఉండేది. మన పంతుళ్లకు, గుమాస్తాలకు ఒకనాడు ప్రాణసమానమైన ఆ నస్యమే. దానిని మానవలెనని అనేకసార్లు సంకల్పించి ఓడిపోయినాడు. చివరకు పొడుం జాడీని పనిగదిలో కాక బయటి నడవలో పెట్టించినాడు. కావలసినప్పుడెల్ల లేచి అంతదూరం పోవలెను గనుక ఆ చిన్న శ్రమయే కొంత అడ్డు అవుతుందని అతని ఊహ. జాడీ మూత చప్పుడు ఇంటిల్లిపాదికి పరిచితమైనదని కుమారుడు వ్రాసినాడు. అనగా అలవాటు పోలేదన్నమాట. కాని తగ్గినది. దురలవాటుతో ముఖాముఖి పోరాడి గెలువలేనివాడు దానిని నాలుగడుగులు దూరం జరిపి సగం గెలువవచ్చు. నేటి విద్యార్థి ఫోను ఆనాటి పొడుం జాడీయే. అది బల్లమీద ఉన్నంతసేపు చేయి దానిమీదనే ఉంటుంది. మరొక గదిలోనో, ఒకే గది ఇల్లయితే అమ్మ చేతిలోనో, అటకమీదనో పెట్టినప్పుడు తీసికొనడానికి లేవవలెను. లేచేలోపల వివేకానికి ఒక్క క్షణం గడువు దొరుకుతుంది.

ఫోనులోనే పాఠాలు చెప్పుకొంటున్న కాలంలో ఈ కంచె ఎంత కష్టమో ఉపాధ్యాయులకు తెలుసు. చదువుకు కాపలాగా తెచ్చిన సాధనమే చదువును తినివేస్తున్నది; కంచే చేను మేయడమంటే ఇదే. అందుకు ఉపాయం ఒకటే. ఫోనులో వినవలసిన పాఠానికి ఒక వేళ; విన్నదానిని కాగితంమీద వ్రాసి సాధించడానికి, ఫోను లేని మరొక వేళ.

డార్విన్ నడకకు కూడ ఒక పద్ధతి ఉన్నది. తోట చివర చెట్లు నాటించి చుట్టుబాట వేయించినాడు. దానికి ‘శాండ్‌వాక్’ అని పేరు. ఎన్ని చుట్లు తిరిగినదీ లెక్కించడానికి బాటపక్కన చెకుముకిరాళ్లు కుప్పగా పోసి, చుట్టుకొక రాయిని కాలితో పక్కకు తన్నేవాడు. ఆలోచనలో మునిగిన మనస్సు లెక్కపెట్టే శ్రమను కూడ పడనక్కరలేదన్నమాట. కార్యాలయానికి పోయేవానికి దారి ఉంటుంది. ఆ దారిలో మనస్సు ఇంటిని విడిచి పనిని ధరిస్తుంది. తిరిగివచ్చేటప్పుడు పనిని విడిచి ఇంటిని ధరిస్తుంది. ఇంట పని చేసేవానికి దారి లేదు గనుక డార్విన్ ఒక దారి కల్పించుకొన్నాడు. ఊరి చెరువుగట్టుమీద పది నిమిషాల నడక, మేడమీద నాలుగు చుట్లు ఎవరికైనా ఆ పని చేసిపెట్టగలవు.

నిమిషాలను కాపాడడమే పని సాగే మార్గమని అతని నమ్మకం. పావుగంటకు, పది నిమిషాలకు ఎంతో తేడా ఉన్నట్లు అతడు ప్రవర్తించేవాడు. చదివినదానిలో పనికివచ్చే విషయాలను విషయానుసారంగా 30, 40 పెద్ద సంచికలలో సర్దిపెట్టి, వాటికి పేర్లు అంటించిన అరలు ఏర్పాటు చేసికొన్నాడు. ఒక విషయంమీద వ్రాయబూనినప్పుడు ఆ సంచిక తీస్తే జీవితంలో తాను ఏరిన గింజలన్నీ ఒకచోట దొరికేవి. నిన్న ఎక్కడ ఆగినామో వెదుకుకొనడంతోనే నేటి మొదటి అరగంట పోగొట్టుకొనేవారికి ఇది మంచి పాఠం.

ఎనిమిదేండ్ల గుల్లలు

ఈ కంచెల నడుమ పెరిగిన పంట ఎట్టిదో ఒక్క ఉదాహరణ చాలును. సముద్రపు రాళ్లకు, ఓడల అడుగులకు గుల్లలతో అంటుకొని బ్రతికే బార్నకిల్ అనే చిన్న జీవులు ఉన్నవి. 1846లో డార్విన్ ఆ జాతికి చెందిన ఒక చిత్రమైన ప్రాణిని పరిశీలించబూనినాడు. ఒకదానిని అర్థం చేసికొనడానికి మరొకదానిని, దానికొరకు ఇంకొకదానిని విప్పి చూడవలసివచ్చినది. ఆ పని 1854 వరకు సాగినది. ఎనిమిది సంవత్సరాలు! అందులో సుమారు రెండు సంవత్సరాలు అనారోగ్యంవలన పోయినవని తానే లెక్క చెప్పినాడు. ఆ ఇంట పుట్టి పెరిగిన పిల్లలకు బార్నకిళ్లను కోసి చూడడమే తండ్రులందరి వృత్తి అని తోచినదట. వారిలో ఒకడు పొరుగాయనను గురించి, ఆయన తన బార్నకిళ్ల పని ఎక్కడ చేసికొంటాడని అడిగినాడని ముచ్చటగా చెప్పుకొంటారు.

ఆ ఎనిమిదేండ్లు సుఖంగా గడిచినవి కావు. 1849లో జలచికిత్స కొరకు కుటుంబంతో సహా మాల్వెర్న్ అనే ఊరికి పోయి కొన్ని నెలలు అక్కడనే ఉండవలసివచ్చినది. 1851 ఏప్రిల్ 23న అదే ఊరిలో పదేండ్ల ముద్దుకుమార్తె ఆనీ మరణించినది. ఆ దుఃఖం డార్విన్‌ను జీవితాంతం విడువలేదు. పని ఆగినది; మరల సాగినది. ఆ ఏడే బార్నకిళ్లమీద అతని మొదటి సంపుటాలు అచ్చయినవి. 1853లో రాయల్ సొసైటీ అతనికి పతకమిచ్చి గౌరవించినది. ఏకాగ్రత అంటే ఎడతెగని ప్రవాహమని మనం అనుకొంటాము. డార్విన్ జీవితంలో అది మాటిమాటికి తెగినది. తెగినచోట ముడి వేసికొని మరల కూర్చుండడమే అతని ఘనత. మరునాటి 8 గంటలు అతనికొరకు కాచుకొని ఉండేవి. ఆ వేళ స్థిరంగా ఉన్నందువలననే తిరిగి రావడానికి అతనికి ఒక చోటు మిగిలినది.

తలుపు అవతల ఎవరున్నారు?

ఆ ఇల్లు నిశ్శబ్దమైన ఆశ్రమం కాదు. పిల్లలు పనిగదిలోకి జిగురుపట్టీ కొరకు, దారం కొరకు, గుండుసూది కొరకు, కత్తెర కొరకు దూరి వచ్చేవారు. నాలుగేండ్ల కుమారుడొకడు పనివేళలో ఆటకు రమ్మని తండ్రికి ఆరు పెన్నీలు లంచం ఇవ్వజూపినాడు. పదే పదే తలుపు తెరుచుకొన్న ఒకనాడు డార్విన్ ఓపికగానే, ఇప్పటికి చాలసార్లు వచ్చినారు, ఇక రాకుండా ఉండగలరా అని బతిమాలినట్లు అడిగినాడట. కోపగించుకొన్న జాడ ఆ జ్ఞాపకాలలో లేదు. పైగా కుటుంబాన్ని పనికి వెలిగా ఉంచక, పనిలోకే తీసికొన్నాడు. వానపాములకు వినికిడి ఉన్నదా అని పరీక్షించడానికి వాటిని కుండీలలో ఉంచి, కొడుకు ఫ్రాన్సిస్‌చేత బసూన్ అనే వాద్యం ఊదించినాడు, ఎమ్మాచేత పియానో వాయింపించినాడు. వానపాములు చలించలేదు, 1881లో వెలువడిన అతని గ్రంథంలో ఈ ప్రయోగాలకు చోటు దొరికినది. 1876లో ఒక స్నేహితునికి వ్రాసిన జాబులో, అంతవరకు బ్యాక్‌గామన్‌లో తాను 2,795 ఆటలు, ఎమ్మా 2,490 ఆటలు గెలిచినట్లు లెక్క వ్రాసినాడు. పనివేళ ఎంత నియతమో ఇంటివారి వేళ కూడ అంత నియతమని ఆ లెక్క చెబుతున్నది.

ఇంతవరకు చదివి డార్విన్‌ను మెచ్చుకొని ఊరకుంటే సగం సత్యమే తెలిసినట్లు. 8 గంటలకు అతడు పనిగది తలుపు మూసికొన్నప్పుడు తలుపు అవతల ఎవరో నిలిచి ఉన్నారు. ఎమ్మా ఉన్నది. బిడ్డలను కని పెంచినది ఆమె. రోగియైన భర్తకు పరిచర్య చేసినది ఆమె. అతిథులకు మర్యాదలు జరిపినది ఆమె. విరామవేళ నవల చదివి వినిపించినది ఆమె. జోసెఫ్ పార్స్‌లో అనే సేవకుడు మూడు దశాబ్దాలకు పైగా ఆ ఇంటిని కనిపెట్టుకొని ఉన్నాడు. వంటవారు, దాదులు, తోటమాలులు ఉన్నారు. తండ్రి ఇచ్చిన సంపద ఉన్నది. డార్విన్ నాలుగు గంటల ఏకాగ్రత ఒక్కని తపఃఫలం కాదు. పెక్కుమంది కలిసి వండిన వంట. వడ్డన మాత్రం ఒక్క విస్తరిలో జరిగినది.

ఈ మాట చెప్పుకొనడానికి ఇంగ్లండు వరకు పోనక్కరలేదు. పోచంపల్లి ప్రాంతపు నేత ఇంట మగ్గంమీద కూర్చున్నవాడు ఒక్కడే కనబడతాడు. కాని చీర మగ్గంమీదికి ఎక్కకముందే ‘ఆసు’ పోయవలెను. అర్ధచంద్రాకారంగా అమర్చిన పుల్లలమీదుగా దారాన్ని చేతితో అటునుంచి ఇటు, ఇటునుంచి అటు ఒక్కొక్క చీరకు వేలసార్లు తిప్పవలెను. ఆ పని ఎక్కువగా ఇంటి ఆడవారిది. నాటి నల్లగొండ జిల్లా ఆలేరు దగ్గరి శారాజీపేటలో లక్ష్మి అనే తల్లి అట్లు ఆసు పోసి పోసి భుజాల నొప్పితో బాధపడడం ఆమె కుమారుడు చింతకింది మల్లేశం చూచినాడు. బడిచదువు మధ్యలోనే ఆగిన ఆ యువకుడు ఏండ్ల తరబడి కృషిచేసి 1999లో ఆసు పోసే యంత్రాన్ని పూర్తిచేసి, దానికి తల్లిపేరే పెట్టినాడు. 2017లో అతనికి పద్మశ్రీ లభించినది. చీర అందం చూచి అందరు నేతను మెచ్చుకొన్నారు. ఆ నేత వెనుక నొచ్చిన భుజాన్ని కొడుకు చూచినాడు. ఇంట జరిగే పనినంతటిని ఆ చూపుతో చూడవలసి ఉన్నది.

2024లో కేంద్రప్రభుత్వ గణాంకశాఖ జరిపిన సమయవినియోగ సర్వేలో, ఇంటివారికొరకు జీతం లేని ఇంటిపనులు చేసేవారిలో స్త్రీలు దినానికి సగటున 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు వాటిపై గడుపుతున్నట్లు తేలినది. ఆ వ్యత్యాసం మూడు గంటల ఇరువదియొక్క నిమిషాలు. డార్విన్ దినపు పనికాలం నాలుగు గంటలని ఇంతకుముందే చూచినాము. అనగా దాదాపు ఒక డార్విన్ పనిదినం ప్రతిదినం మన ఇండ్లలో స్త్రీల చేతినుంచి అంట్లలోకి, గిన్నెలలోకి జారిపోతున్నది. ఉపాధ్యాయిని బడినుంచి వచ్చి జవాబుపత్రాలు దిద్దడానికి కూర్చుండేది అందరూ భోంచేసిన తరువాతనే. ఆడపిల్ల పుస్తకం తెరిచేది తమ్ముడిని నిద్రపుచ్చిన తరువాతనే. ఏకాగ్రత లేదని ఆమెను మందలించడం సులభం. ఆమెకు ఒక గంటకు కంచె కట్టి ఇచ్చినవారెవరు?

పర్లాకిమిడిలో ఒక పంతులుగారు

సంపద లేకున్నను ఇల్లు విద్యాలయం కాగలదనడానికి మన తెలుగుదేశంలోనే నిదర్శనం ఉన్నది. గిడుగు వెంకట రామమూర్తిపంతులుగారు 1863లో జన్మించి, పర్లాకిమిడిలో బడిపంతులుగా జీవితం ప్రారంభించినారు. సమీపంలోని కొండలలో నివసించే సవరల భాషకు అప్పటికి వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. దానిని నేర్చుకొనదలచి పంతులుగారు ఒక సవరను తమ ఇంట ఉంచుకొని, భోజనం పెట్టి, అతనివద్దనే భాష అభ్యసించినారు. పగలు బడిలో గురువుగా ఉన్న ఆయన ఇంటికి వచ్చి శిష్యుడైనారు. కొండలలో తిరుగుతూ మలేరియా బారిన పడి, క్వినైన్ సేవించి సేవించి వినికిడి పోగొట్టుకొన్నారు. చెవితో నేర్వవలసిన భాషకొరకు చెవినే అర్పించిన మనిషి ఆయన. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువడినవి. 1890ల దశకంలో నాటిన విత్తు పండి చేతికి వచ్చేసరికి నలువది ఏండ్లు దాటినవి.

ఆ కృషిలో కుమారుడు సీతాపతిగారు తోడుపడినారు. ఆయన కూడ భాషావేత్తగా ప్రసిద్ధికెక్కినారు. పంతులుగారి ఇంట పని పిల్లలకు అడ్డుగోడ కాలేదు, వారసత్వమైనది. ఇంటి అతిథికి వేళకు అన్నం వడ్డించిన చేతులు కూడ ఆ నిఘంటువులో పాలుపంచుకొన్నవే.

డార్విన్‌కు, పంతులుగారికి సంపదలో పోలిక లేదు, పద్ధతిలో ఉన్నది. ఇద్దరు ఒకే పనిని ఏండ్ల తరబడి విడువక పట్టినారు. ఇద్దరి ఇండ్లలోను ఇంటివారికి ఆ పని ఏమిటో తెలుసు. ఈ రెండవ విషయాన్ని మనం తరచుగా మరచిపోతాము. నాన్న ఏదో కంప్యూటరు ముందు కూర్చున్నాడు, అక్క ఏదో చదువుతున్నది అని మాత్రమే తెలిసిన ఇంట తలుపు నిమిషానికొకసారి తెరుచుకొంటుంది. ఆ పని ఏమిటో, ఎంతసేపో, తరువాత తనవేళ ఎప్పుడో తెలిసిన బిడ్డ ఓపిక పట్టగలడు. చెప్పి మూసిన తలుపుకు గౌరవం ఉంటుంది. చెప్పక మూసిన తలుపు అవమానంగా తోస్తుంది.

ఒకే గదిలో ఐదుగురు నివసించే ఇల్లు మన విద్యార్థులలో ఎందరికో ఉన్నది. వారికి పనిగది లేదు, అద్దం లేదు, చుట్టుబాట లేదు. కాని చోటుకు కంచె వేయలేనివారు వేళకు కంచె వేయవచ్చు. ఉదయం టీవీ పెట్టకముందు ఒక గంట. సాయంకాలం దీపాలవేళ మరొక గంట. ఆ గంటలో ఏమి చేయవలెనో ముందునాడే కాగితంమీద ఒక్కపంక్తి వ్రాసి ఉంచుకొనవలెను. గంట ముగియగానే పుస్తకం మూసి, పని జరిగినదని సంతోషించవలెను. ఆ ఒక్క గంటసేపు ఇంటివారు గొంతు తగ్గించవలెను. అక్క చదివే గంటలో తమ్ముడు, తమ్ముడు చదివే గంటలో అక్క ఇంటిపని అందుకొనవలెను. అమ్మకు కూడ అట్టి గంట ఒకటి ఉండవలెను. ఆమె దానిని చదువుకు వాడుకొన్నా, కుట్టుకు వాడుకొన్నా, ఊరక కూర్చుండడానికి వాడుకొన్నా దానిని అడిగే హక్కు ఎవరికీ లేదు. దీనికి సొమ్ము ఖర్చు లేదు. ఇంటిల్లిపాది ఒప్పందం మాత్రం కావలెను.

ఈ ఒప్పందం కుదర్చడంలో ఉపాధ్యాయుని మాటకు నేటికి ఇంట విలువ ఉన్నది. ఇంటిపని చేయక వచ్చిన పిల్లను ఎందుకు చేయలేదని నిలదీసినప్పుడు వచ్చే జవాబు సాధారణంగా మౌనమే. ఆ మౌనంలో సోమరితనం ఉండవచ్చు. చంకనెక్కిన చెల్లెలు ఉండవచ్చు. తోమవలసిన అంట్లు ఉండవచ్చు. తలిదండ్రులు బడికి వచ్చిన దినాన మార్కుల పట్టిక చూపడంతోపాటు ఉపాధ్యాయుడు వారిని మరొక ప్రశ్న కూడ అడగవలెను: మీ ఇంట ఈ పిల్లకు చెందిన గంట ఏది?